ఇనుమారా, ఇరుమారా?

పాలకొల్లు బండి: నర్సాపురం బ్రాంచి మీద కరెంటు తీగలు పడకముందు తిరిగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్‌ని ఓపెన్ రైల్స్ అనే రైలు సిమ్యులేటర్ కోసం, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో తయారు చేస్తున్నానండి. బాడీ అయింది, ఇప్పుడు మకిలి పట్టించే పని నడుస్తోంది. ఫ్రేమ్ మీద పాత వెల్డింగ్ అతుకొకటి పెట్టి, పక్కన ఎవరో షెడ్డు కుర్రాడు సుద్దతో రాసినట్టు వేమన పాదం రాద్దామని సరదా. "ఇనుము విరిగెనేని" తర్వాత "యినుమారు ముమ్మారు"నా, "యిరుమారు ముమ్మారు"నా? రెంటికీ అర్థం రెండుమూడు సార్లనే. పొరలన్నీ కలిపేశాక అక్షరం మార్చాలంటే పెద్ద తలనొప్పి.

ఆటవెలది అభిమాని: యతి తేలుస్తుందని ఎవరైనా బయల్దేరేలోపే చెప్పేస్తున్నా, తేల్చదు. నాలుగో గణం మొదట ఉన్న "యి" రెంటిలోనూ అదే. ను, రు రెండూ లఘువులే. వ్యాకరణమే దిక్కు. ఇనుమడి, ఇనుమడించు మనం వాడుతూనే ఉన్నాంగా. ఇనుమారు ఆ కోవదే. నా ఓటు "ను"కి.

ద్రాక్షారామం మాస్టారు: ఓట్లతో పాఠం నిర్ణయమైతే పరిష్కర్తలెందుకు నాయనా? ఇరువురు, ఇరువైపులా, ఇరుగడలా, వీటిలో "ను" ఏదీ?

ఆటవెలది అభిమాని: వాటిలో మకారం లేదు మాస్టారూ. వెనక "మ" ఉంటేనే ఆ "రు" అనునాసికం వైపు జారుతుందని నా ఊహ.

కోటిపల్లి రేవు: అయితే అయ్యప్ప మాల వేసుకున్న మా బావ నెత్తిన ఉండేది ఇనుముడా అండీ?

ఆటవెలది అభిమాని: ఇరుముడి తమిళం మాట. దాన్ని సాక్ష్యానికి పిలవకండి.

ద్రాక్షారామం మాస్టారు: పోనీ తెలుగులోనే "ఇరుమడి" కూడా ఉందిగా, దాన్నేం చేస్తావు? అసలు సంగతి ఇది. పైన "ఇనుము" రాసిన చేత్తో లేఖకుడు ఇంకోసారి "ఇను" అనేశాడు. తాళపత్రాలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు.

కోనసీమ కోడలు: లేఖకుడి మీదకి తోసెయ్యడం తేలికే. ఇనుము, ఇనుమారు అని కవే మోగించాడని ఎందుకనుకోకూడదు? మూడో పాదంలో "మనసు", "మరి" చూడండి.

ఆటవెలది అభిమాని: అది యతి అమ్మా, మోగింపు కాదు.

కోనసీమ కోడలు: యతి మోగదా ఏంటి?

షెడ్డు బాబాయి: ఆయ్, మీ ను-రు గొడవ పక్కన పెట్టండి. పేచీ "ఇనుము" దగ్గరే ఉంది. పోత ఇనుము విరిగితే కమ్మరి దాన్ని ఎన్నిసార్లు కాచినా సమ్మెటకి ముక్కలవుతుంది తప్ప అతకదు. పద్యంలో ఉన్నది కొలిమిలో సాగే మెత్తని ఇనుము. పాత బ్రేకు దిమ్మలు పోతవి. విరిగితే పారేసి కొత్తవి వెయ్యడమే.

మోడల్ బొమ్మ చూశాను బాబూ. బోగీలంతా, అదే ఇంజిన్ కింద చక్రాల చట్రాలు, నల్లగా కొట్టావు. పోత దిమ్మ అరిగి రాలే పొడి తుప్పు రంగులో ఉంటుంది. చక్రాల చుట్టూ, బోగీ పక్కల గోధుమరంగు పడాలి. నలుపు పైన ఉంచు. నాచ్, అంటే డ్రైవరు పవరు పెంచే మెట్టు, పెంచినప్పుడు టర్బో అందుకునేలోగా గుప్పున కక్కే పొగ, గొట్టం చుట్టూ హుడ్ నెత్తిన మసిగా కూర్చుంటుంది. మసి మెరవదు, నూనె మరక మెరుస్తుంది. రెంటికీ ఒకే రఫ్‌నెస్ (గరుకుదనం) ఇస్తే రెండూ తారులాగే కనబడతాయి. వానచారలు గ్రిల్లు అంచుల నుంచి, బోల్టుల కింద నుంచి నిలువునా దిగాలి. నువ్వు అడ్డంగా కొట్టిన తుప్పు ఏ వానకి పట్టిందో నాకైతే తెలీలేదు.

పాలకొల్లు బండి: దండం బాబాయ్. బోగీలు మళ్ళీ వేస్తాను. మరి ఆ అక్షరం?

కోటిపల్లి రేవు: సుద్దరాతని వేరే పొరలో ఉంచుకోండి, తేలాక చూద్దాం.

ద్రాక్షారామం మాస్టారు: సుద్దతో రాసినవాడు అరసున్నలు, యడాగమాలు చూసుకుని రాస్తాడా? "యినుమారు" అని యకారంతో రాస్తే అది షెడ్డు రాత కాదు, పండితుడి రాత.

కోనసీమ కోడలు: ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను.

ఆటవెలది అభిమాని: మా రాజమండ్రిలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర వేమన్న పద్యాలు ఏరి 1829లో అచ్చు వేయించాడు. మనవాళ్ళు ఆటవెలదిని చిన్నచూపు చూసే రోజుల్లో ఆయనకి ఆ ఊపు అందడం చూస్తే...

ద్రాక్షారామం మాస్టారు: మీ రాజమండ్రి బ్రౌన్‌ని మళ్ళీ తెచ్చావూ! కడపవాళ్ళు వింటే ఊరుకుంటారా?

కోటిపల్లి రేవు: మాస్టారూ, రెండో పాదం కూడా ఒకటి కాదండి. "కాచి యతుకవచ్చు గ్రమముగాను" అని నేర్చుకున్నాను. "కాచి యతుకనేర్చు గమ్మరీడు" అని మా ఆవిడ.

షెడ్డు బాబాయి: కమ్మరీడే! క్రమంగా అతికేవాణ్ణి నేను షెడ్డులో చూళ్ళేదు.

ఆటవెలది అభిమాని: "నేర్చు" రెండో పాదంలో వస్తే మూడో పాదంలో "మరి యంటనేర్చునా" ఏం కావాలి? ఒకే క్రియ రెండుసార్లా?

కోనసీమ కోడలు: అదే కదా అందం. కమ్మరి నేర్చినది మనసు నేర్వదు.

ద్రాక్షారామం మాస్టారు: అందం సంగతి తర్వాత. బ్రౌన్ వేయించిన ఆ 1829 అచ్చుప్రతి ఎవరి దగ్గరుందో ముందు అది చెప్పండి.