శికంల ఉరుకకు... తర్వాతి సగం ఎవరికైనా యాదికున్నదా?

చెరువుగట్టు (హన్మకొండ):
ఒక్క మాట వారం రోజుల సంది నిద్ర పట్టనిస్తలేదు. చిన్నప్పుడు ఎండకాలం సెలవులకు నర్సంపేట దిక్కు అమ్మమ్మ ఊరికి పోయేటోళ్లం. పాకాల చెరువుల చేపలు పట్టే తాత ఒకాయన నన్ను పడవల కూసోబెట్టుకొని ఎగువకు తీస్కపోయిండు. నీళ్లు పలచబడి, అడుగున తుమ్మ మొద్దులు నల్లగ కనబడే జాగల గడ పాతి పడవ ఆపిండు. "శికంల ఉరుకకు బిడ్డా" అని ఇంకో సగం కూడ అన్నడు. (శికమంటే చెరువు నిండితే నీళ్లల్ల మునిగే నేల.) ఆ సగం గాలికి పోయింది. అది కూడ "కు"తోనే ముగిసిందని చెవి చెప్తున్నది, మాట మాత్రం దొరుకుతలేదు.

ఇప్పుడు ఎందుకు యాదికొచ్చిందంటే, ఫ్లోరిడాల ఉండే మా మేనల్లుడు పాత బాస్ బోటు, అంటే చేపలు పట్టే ఇంజను పడవ, ఒకటి కొన్నడు. ఒకీచోబీ అనే చెరువుల తిప్పుతున్నడు. 1,900 చదరపు కిలోమీటర్ల చెరువట, దరి కనబడదు. లోతు చూస్తే సగటున 9 అడుగులే. "మామా, సముద్రం లెక్క ఉంటది గాని నిలబడితే నడుము దాక రాని జాగలు మస్తున్నయి" అంటడు. వానికి ఈ సామెత చెప్దామని ఫోన్ల మొదలువెట్టి సగంల ఆగిపోయిన. తర్వాతి సగం ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి.

పాతలిపి:
సార్, రెండో సగం సంగతి తర్వాత. ముందు మొదటి సగం సరిచేసుకుందాం. "శికం" కాదు, "శిఖం". పహాణీల్లో (ఊరి భూముల లెక్కల్లో), ధరణికి ముందటి పాత రికార్డుల్లో కూడా "ఖ"తోనే చూశాను. శిఖ అంటే కొస. చెరువుకు ఎగువ కొస కాబట్టి శిఖం. మీ తాత పడవ ఆపిందీ ఎగువనే కదా, అర్థం అతికినట్టు సరిపోతుంది.

తహసీలు కాగితం:
పాతలిపి గారూ, ఇరవై ఆరేళ్లు ఆ పహాణీలు రాసిన చేతులు ఇవి, కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. ఆ "ఖ" మా గుమస్తాలు తగిలించిందే. నిజాం కాలపు ఉర్దూ కాగితాల్లో "షికమ్ తలాబ్" అని ఉంటుంది. షికమ్ ఫార్సీ మాట, కడుపు అని అర్థం. అందులో ఉన్నది మామూలు "కాఫ్". ఖరీదు, ఖరీఫుల్లో వచ్చే "ఖే" కాదు. ఉర్దూ వచ్చినవాళ్లను అడగండి, కడుపునిండా తిన్నవాణ్ని షికమ్‌సేర్ అంటారు. చెరువు కడుపే శికం. చెరువుగట్టు సార్ అమ్మమ్మ ఊరివాళ్లు పలికిందే అసలు రూపం. చదువుకున్న మనమే దానికి ఒత్తు తగిలించాం.

పాతలిపి:
ఫార్సీ మూలం ఒప్పుకుంటాను. అయితే ఒక ఇబ్బంది ఉంది. కడుపంటే చెరువులో లోతైన చోటు కావాలి. తాత ఆగింది మొద్దులు కనబడే పలచటి చోట. లోతుకు పెట్టిన పేరు మెరకకు ఎట్లా వచ్చింది? "శిఖ" అనే ఊహ జనంలో పనిచేయకపోతే అర్థం అటు జరిగేది కాదు. మాట ఫార్సీదే కావచ్చు, దాని బతుకు సంస్కృతం నీడలో సాగింది.

నర్సంపేట టీచరమ్మ:
అన్నా, కాగితం మీద చూస్తే ఇబ్బందే. చెరువు కాడికి వచ్చి చూస్తే ఇబ్బందేం ఉండదు. మన కాకతీయుల చెరువులు తవ్విన గుంతలు కావు, వాలుకు అడ్డంగా కట్ట పోసి ఆపిన నీళ్లు. గణపతిదేవుని కాలపు పాకాల, రామప్ప కూడా అంతే. లోతంతా కట్ట కాడ, తూము కాడ. ఎగువకు పోయినకొద్దీ నీళ్లు పలచబడి మైళ్లకొద్దీ పరుచుకుంటాయి. వానకాలం నిండితే అదంతా చెరువు కడుపే. ఎండకాలం నీళ్లు గుంజుకపోతే ఆ నేలలోనే పెసర్లు, దోస పెడతారు. "శికం పొలం" అని మేము అనేది దాన్నే. కడుపు నిండినప్పుడు ఉబ్బేదీ, ఎండినప్పుడు లోపలికి పోయేదీ ఆ భాగమే కదా! కట్ట కాడ నీళ్లు తగ్గినా నేల తొందరగా బయటపడదు, దానికి వేరే పేరు అక్కర్లేదు. శిఖను పిలవకుండానే అర్థం కుదిరింది.

తహసీలు కాగితం:
టీచరమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. శికం పట్టా ఉన్న రైతుకు నీళ్లు దిగినప్పుడు దున్నుకునే హక్కు ఉంటుంది గానీ చెరువును పూడ్చే హక్కు ఉండదు. ఇవాళ గొడవలన్నీ అక్కడే. కడుపు అనే అర్థం మరిచిపోయినందుకే శికం నేల మనకు ఖాళీ జాగాలా కనబడుతున్నది.

చెరువుగట్టు:
మీ చర్చ చదువుతుంటే పానం లేచొచ్చింది. గని నా మాట "ఉరుకకు" కాడ ఇరుక్కున్నది. నిన్న మేనల్లునికి ఇదంత చెప్తే వాడు కొత్త తిరకాసు పెట్టిండు. "మామా, తాత అన్నది ఉరుకకు కాదేమో, ఉరుకు అన్నడేమో" అంటడు. బాస్ బోటు అడుగు కొంచెం చదునుగ ఉంటదట. వేగం అందుకుంటే ముక్కు దిగి, పడవంత నీళ్ల మీదికి లేచి ఉరుకుతదట. అట్ల లేచినప్పుడు మునిగేది చాన తక్కువ. అందుకే తెలిసిన తోవల మెరక మీద ఆగకుండ దాటేస్తరట. గండం వేగం తగ్గించేటప్పుడు. ఎనుక భాగం కుర్చీల కూలబడ్డట్టు నీళ్లల్ల కూసుంటది, ఇంజను కింది రెక్కలు బురదను తాకుతయి. ఒక్క "క" ఉంటే ఒక నీతి, లేకుంటే ఇంకో నీతి. ఏది పట్టుకోవాలె?

పాతలిపి:
అంత్యప్రాస మీరే సాక్ష్యం చెప్పారు కదా సార్, రెండో సగం "కు"తో ముగిసిందని. వద్దని చెప్పే "కు" అక్కడ ఉంటే ఇక్కడ కూడా ఉండి తీరాలి. "ఉరుకకు... నిలువకు" లాంటి జంట. "ఉరుకు" అంటే తూకం చెడుతుంది.

బమ్మెర బాట:
అందరూ ఉరుకు అంటే పరుగెత్తడమనే పట్టుకున్నారు. నాకు మొదటి నుంచీ అక్కడే అనుమానం. పాత తెలుగులో అది బండి ఱతో "ఉఱుకు", దూకడం అనే అర్థం బలంగా ఉన్నది. పాలకుర్తి పక్కనే పుట్టినవాణ్ని, పోతన్న దగ్గరికి పోకుండా ఉండలేను. భీష్ముని స్తుతి గుర్తు చేసుకోండి:

"కుప్పించి యెగసినఁ గుండలంబుల కాంతి
గగనభాగం బెల్లఁ గప్పికొనఁగ
నుఱికిన నోర్వక యుదరంబులో నున్న
జగముల వ్రేఁగున జగతి గదల"

కృష్ణుడు రథం మీంచి ఉఱికాడు, అంటే దూకాడు. ఉదరంలో ఉన్న లోకాల బరువుకు భూమి కదిలింది. ఉఱుకుడూ ఉదరమూ ఒక్క పాదంలో పక్కపక్కన కూర్చున్నాయి చూడండి! మన సామెతలో కూడా ఉన్నవి అవే రెండు: శికం, ఉరుకు. తాత అన్నది పడవ వేగం గురించి కాదని నా నమ్మకం. గడ పెట్టి తోసే పడవకు ఉరుకుడు ఎక్కడిది? నీళ్లు మోకాలు లోతే కదా అని పడవలోంచి దూకకు బిడ్డా అన్నాడు. ఆ పిలగాడు దూకబోయి ఉంటాడు కూడా.

నర్సంపేట టీచరమ్మ:
పోతన్న పద్యం పెట్టినాక ఎదురు చెప్పాలంటే నోరు రాదు, అయినా చెప్తాను. మా దిక్కు దూకడానికి మాట ఉరుకు కాదు, దుంకు. చెరువు నిండి అలుగు పారితే "మత్తడి దుంకుతున్నది" అంటాం గానీ ఎవ్వరూ "ఉరుకుతున్నది" అనరు. పిల్లలు బాయిల దుంకుతారు, బడికి ఉరుకుతారు. తాతకు దూకుడే మనసులో ఉంటే "దుంకకు" అనేటోడు. పోతన్న కాలం మాటను పాకాల తాత నోట్లో పెట్టడం న్యాయం కాదు. కాళోజీ జీవితమంతా చెప్పింది ఇదే కదా, జనం పలికే పలుకే కొలత అని. సెప్టెంబరు 9, ఆయన పుట్టినరోజు నాడు దండలేసి, మిగతా రోజుల్లో నిఘంటువు తీసి జనాన్ని దిద్దితే ఎట్లా?

బమ్మెర బాట:
అక్కా, నేను తాతను దిద్దుతలేను, ఆయన మాటకు ఎంత వయసుందో చూస్తున్నాను. సామెతల్లో పాత అర్థాలు రాయిలో కప్పలాగా బతికి ఉంటాయి. రోజూ దుంకు అనే మనిషి కూడా సామెత చెప్పేటప్పుడు వాళ్ల తాత నోటి మాటనే చెప్తాడు. ఇంకొకటి, పోతన్నను నిఘంటువులో వేయకండి. "కుప్పించి యెగసిన" అనే మాటను చూడండి. ఒక్క ఊపున ఎగిరి గంతేయడం కుప్పించడం. పొలంలో కాలువ దాటే మనిషిని చూసినవాడికే ఆ మాట దొరుకుతుంది. మా బమ్మెరలో ఈ పద్యాన్ని చదువురానివాళ్లు కూడా సగం సగం పాడుతారు. "నుఱికిన" కాడ గొంతు కిందికి పడేస్తారు. రాగంలోనే దూకుడు వినబడుతుంది.

లక్నవరం తెడ్డు:
మీ అంత చదువు నాకు లేదు. గోవిందరావుపేట దిక్కు పదేండ్లు పడవ నడిపిన. శికంల రెండూ పనికిరావు, ఉరుకుడు పనికిరాదు, దుంకుడు పనికిరాదు. పైన జానెడు తేట నీళ్లు కనబడతయి, కింద ఒండ్రు. కాలు పెడితే తొడ దాక దిగుతది, గుంజితే రాదు. ఒకసారి మా జతగాడు బురదకు తట్టుకున్న పడవను తోద్దామని దిగిండు. కాలు మొద్దు సందుల ఇరికింది, తెడ్డు చేతికిచ్చి ఇద్దరం గుంజితే గని రాలే.

నీళ్లు చదువుడు వేరే విద్య. అల ఉన్నట్టుండి చిన్నగ, నిటారుగ లేస్తే కింద మెరక ఉన్నట్టు. కొంగ నిలబడి ఉంటే అక్కడ నీళ్లు దాని కాలంతే. రంగు లేతగ, పాలల్ల చాయపత్త కలిపినట్టు అయితే ఇంజను మెల్లగ చెయ్యాలె. పడవ ఎనుక బురద తోక లేచిందంటే ఇప్పటికే ఆలస్యమైనట్టు. గాలి మొదలైతే దరికి రావాలె. లోతు తక్కువున్న చెరువుల అలలు తొందరగ లేస్తయి, దగ్గర దగ్గర కొడతయి, పడవ ముక్కు లేపే సందు ఇయ్యవు. మేనల్లుణ్ని లైఫ్ జాకెట్ ఎప్పుడూ ఇప్పద్దని చెప్పుండ్రి సార్. నడుములోతు నీళ్లని జాకెట్ ఇప్పినోళ్లే మునుగుతరు.

చెరువుగట్టు:
తమ్మీ, నీ మాటలు ఉన్నదున్నట్టు వానికి చదివి వినిపించిన. "కొంగ సంగతి ఇక్కడ కూడ నిజమే మామా" అన్నడు. ఇంజను ఆపే తాడు ఒకటి ఉంటదట, ఒక కొస స్విచ్చికి, ఇంకో కొస నడిపేటోని జాకెట్‌కు. మనిషి ఎగిరి నీళ్లల్ల పడితే తాడు ఊడి ఇంజను ఆగుతది, పడవ తిరిగొచ్చి మనిషి మీదికి ఎక్కదు. 26 అడుగుల లోపు పడవలు వేగంగ పోయేటప్పుడు అది తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి వాళ్ల చట్టమట.

మొన్న ఆదివారం వాని పడవ తట్టుకున్నది కూడ. గడ్డి నడుమ సందు ఉన్నదని పోయిండట. ఇంజను పక్క నుంచి సన్నగ నీళ్ల ధార ఒకటి ఎప్పుడూ పడుతుంటదట, ఇంజనును లోపల చల్లబరిచి బయటికొచ్చే నీళ్లు అవి. ఆ ధార మట్టి రంగయింది, ఎనుకనే ఆగిపోయింది. వీడు తోద్దామని దుంకబోయి, నా సగం సామెత యాదికొచ్చి ఆగిండట. ఇంజను బందుచేసి, దాన్ని పూర్తిగ పైకి లేపి, జతగాణ్ని ముందటి దిక్కు కూసోబెట్టి, గడతోని వచ్చిన తోవనే ఎనుకకు తోసుకున్నడు. చుట్టు గడ్డిల మొసళ్లు ఉంటయట, దుంకి ఉంటే ఏమయ్యేదో! బమ్మెర అన్నా, ఆ పూట మటుకు నీ అర్థమే గెలిచింది.

బమ్మెర బాట:
గెలుపు కాదు సార్, పిలగాడు క్షేమం, అదే చాలు. అయితే ఒక్క సంగతి. తాత "ర"ను గట్టిగా రుద్ది పలికాడా, మెత్తగా పలికాడా? మా దిక్కు ముసలోళ్ల నోట్లో ఇప్పటికీ కొన్ని మాటల్లో తేడా వినబడుతుంది.

పాతలిపి:
ర, ఱ తేడా పలుకుబడిలో పోయి శతాబ్దాలైంది. నలభై ఏళ్ల కింద విన్న ఒక్క పలుకుతో అది తేలదు.

బమ్మెర బాట:
పోయిందని పుస్తకం అంటుంది. మా మేనత్త "గుఱ్ఱం" అనడం మీరు వినలేదు.

చెరువుగట్టు:
యాదికి లేదు అన్నా. గాలి శబ్దం, గడ నీళ్లల్లకెల్లి లేస్తే కారే చప్పుడు, అవే యాదికున్నయి.

నర్సంపేట టీచరమ్మ:
అందరికీ ఒక కబురు. రాత్రి మా అమ్మను అడిగాను. ఎనభై దాటింది, పాకాల ఆయకట్టు కింద పుట్టి పెరిగిన మనిషి. "శికంల ఉరుకకు" అన్నానో లేదో వెంటనే అందుకుంది: "శివారుల పండకు." నా ఒళ్లు జలదరించింది. శికం, శివారు, రెండు "శి"లూ పక్కపక్కన, "కు"లు రెండూ కొసకు. శికంలో దోస పెట్టినప్పుడు రాత్రి కావలి పోయే మగవాళ్లకు చెప్పే మాటట. చీకట్లో తడి నేల మీద ఉరుకకు, ఊరి పొలిమేరలో ఒక్కడివే నిద్రపోకు అని. అందులో పడవ లేనే లేదు. మా అమ్మ లెక్కన ఉరుకుడంటే పరుగే.

చెరువుగట్టు:
టీచరమ్మా, అమ్మకు దండం. "శివారుల పండకు" అని పది సార్లు పైకి అనుకొని చూసిన. కుదురుతున్నది, గని తాత నోట్ల విన్నది ఇది కాదు అనిపిస్తున్నది. ఆయన మాటల నీళ్ల పేరు ఏదో ఉన్నది. తూమో, మత్తడో.

లక్నవరం తెడ్డు:
సార్, మా దిక్కు "తూము కాడ తానమాడకు" అంటరు. తూము తెరిచి ఉంటే అడుగు నుంచి గుంజుతది. అదేమన్న అయితదా?