ఉద్యోగం పోయింది, పీఎఫ్ మొత్తం తీసేయాలా?

కూకట్‌పల్లి_టెకీ: రెండు కంపెనీల్లో కలిపి 7 ఏళ్లు పనిచేశాను. గత నెల మా టీం మొత్తాన్ని తీసేశారు. పీఎఫ్‌లో 4 లక్షలు ఉంది. పర్సనల్ లోన్ ఇంకా లక్షా 80 వేలు కట్టాలి, వడ్డీ 16 శాతం. ఇంట్లో అందరూ పీఎఫ్ మొత్తం తీసెయ్ అంటున్నారు. మీరేమంటారు?

గాజువాక_ఫిట్టర్: తీసెయ్ తమ్ముడూ. పీఎఫ్ మీద వచ్చేది 8.25 శాతం, నువ్వు కట్టేది 16. ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియకుండా అప్పు మోయడం ఎందుకు? పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛను కోసం ఆగమంటారు కొందరు. కనీస పింఛను 2014లో వెయ్యి రూపాయలు పెట్టారు, ఇప్పటికీ అదే వెయ్యి. నెలంతా దాంతో ఎవరు బతుకుతారు?

పేరోల్_అక్క: లోన్ తీర్చాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. మొత్తం తీసెయ్ అన్న మాటే ఒప్పుకోను. ఖాతాలో రెండు వేర్వేరు డబ్బులున్నాయి. మీ జీతంలో కోసే 12 శాతం, కంపెనీ వాటాలో కొంత పీఎఫ్‌లోకి వెళతాయి. కంపెనీ వాటాలోంచే మీ జీతంలో 8.33 శాతం, అంటే 15 వేల జీతం పరిమితి మీద నెలకు 1,250 దాకా, పింఛను పథకానికి వెళుతుంది. మీ లోన్‌కు మొదటిది చాలు. 2025 అక్టోబర్‌లో పీఎఫ్‌ను నడిపే సంస్థ ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు తీసుకున్న నిర్ణయం ప్రకారం ఉద్యోగం పోగానే ముప్పావు వంతు తీసుకోవచ్చు, మిగతాది 12 నెలలు ఆగాక. మీకు ముప్పావు వంతంటే 3 లక్షలు.

రెండోదాన్ని మాత్రం ముట్టుకోకండి. పింఛను అర్హతకు 10 ఏళ్లు కావాలి, మీకు 7 అయ్యాయి. దాన్ని తీసేస్తే ఆ 7 ఏళ్లు లెక్కలోంచి పోతాయి, కొత్త ఉద్యోగంలో మళ్లీ మొదటి నుంచే. మధ్యలో ఖాళీ వచ్చినా తీయకపోతే సర్వీసు కలుస్తుంది.

గాజువాక_ఫిట్టర్: పదేళ్లు చేస్తే పింఛను లెక్క (జీతం × ఏళ్లు ÷ 70) ప్రకారం 15,000 × 10 ÷ 70, అంటే నెలకు 2,142. అదీ 58 ఏళ్లకు! అప్పటికి ఆ రెండు వేలు ఏ మూలకొస్తాయి అక్కా?

పేరోల్_అక్క: పదేళ్లతోనే ఎందుకు ఆపుతారు అన్నా? 30 ఏళ్లు చేస్తే అదే లెక్కన ఆరు వేలు దాటుతుంది. వెయ్యి చాలదన్న మీ కోపం న్యాయమే, దాన్ని పెంచాలని నేనూ గట్టిగా కోరుతున్నాను. ఇంకో సంగతి: సర్వీసులో ఉండగా మనిషి పోతే భార్యకు పింఛను వస్తుంది, దానికి పదేళ్ల షరతు లేదు. ఎంతోమంది క్లెయిములు చూసిన దాన్ని, ఆ డబ్బు ఆ ఇళ్లకు ఎంత అవసరమో నాకు తెలుసు.

డెలివరీ_తమ్ముడు: మీరు ఉంచాలా తీయాలా అని వాదిస్తున్నారు. మా బైక్ మీద పనికి పీఎఫే లేదు. సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ కార్మికుల, అంటే మాలాంటి యాప్ పనివాళ్ల పేరు చేర్చారు, కానీ మా చేతికి ఇంకా ఏమీ రాలేదు. ఉన్నవాళ్లు దాన్ని తేలిగ్గా వదులుకోకండి.

కూకట్‌పల్లి_టెకీ: అక్కా, పాత కంపెనీ ఖాతా ఇంకా ట్రాన్స్‌ఫర్ చేయలేదు. పన్ను పడుతుందా?

పేరోల్_అక్క: ముందు ఆ పని చేయండి. రెండూ ఒకే యూఏఎన్ (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కింద కలిస్తే మీ సర్వీసు 5 ఏళ్లు దాటినట్టే, అప్పుడు తీసినదాని మీద పన్ను ఉండదు. కలవకుండా తీస్తే చిక్కు. అది అయ్యాక లోన్‌కు సరిపడా తీసి, పింఛను డబ్బు వెనక్కి తీసుకునే ఫారం 10సీ జోలికి వెళ్లకండి.