సెంటర్ ఛానల్ పోయింది, రేపు మార్నింగ్ షో ఎట్లా నడపాలి?

బూత్‌లో నేనే (ప్రొద్దుటూరు):
అన్నలారా, మాది సింగిల్ స్క్రీన్, 5.1 సౌండు (తెర వెనక లెఫ్ట్, సెంటర్, రైట్, పక్క గోడలకు రెండు సరౌండ్, బాస్‌కు సబ్; మాటలన్నీ సెంటర్‌లోనే). నిన్న సెకండ్ షో మధ్యలో డైలాగులు ఆగిపోయాయి. పాట బ్రహ్మాండంగా వస్తోంది, ఫైటు వస్తే సబ్ అదిరిపోతోంది, మాటలు మాత్రం బావిలోంచి వచ్చినట్టు ఎక్కడో వినిపిస్తున్నాయి. జనం ఈలలేస్తే ఫేడర్ (మొత్తం సౌండు నాబ్) పెంచాను, మ్యూజిక్ పెరిగింది గానీ మాట పెరగలేదు. సెంటర్ యాంప్ మీద ఎర్ర లైటు. ఆపి ఆన్ చేస్తే ఐదు నిమిషాలు బాగుండి మళ్లీ అదే కథ. ఇంజనీరు సోమవారం గానీ రాడంట, రేపేమో కొత్త సినిమా. ఓనరు సెంటర్ వైర్లు తెచ్చి లెఫ్ట్ యాంప్‌కే కలిపేయమంటున్నాడు. కలపొచ్చా?

ఆదోని పాత ఆపరేటర్:
వద్దు తమ్ముడూ. అట్లా కలిపితే సెంటర్ స్పీకర్లో కూడా లెఫ్ట్ సౌండే వస్తుంది, డైలాగ్ ఎక్కడి నుంచి వస్తుంది? పైగా రెండు 8 ఓమ్‌లు ప్యారలల్‌గా పెడితే 4 ఓమ్‌లు, లోడ్ ఎక్కువై సాయంత్రానికి ఆ యాంప్ కూడా ఎర్ర లైటు చూపిస్తుంది.

సబ్ వస్తోందన్నావు కదా, అంటే సినిమా ఆడించే సర్వర్ నుంచి వచ్చే కేబుల్ బాగానే ఉంది. డిజిటల్‌లో సెంటర్ 3వ ఛానల్, సబ్ 4వది, రెండూ ఒకే జతలో వస్తాయి, ఆ జత పోతే రెండూ కలిసి పోవాలి. కాబట్టి తప్పు యాంప్‌దో, తెర వెనక స్పీకర్‌దో. అన్నీ ఆఫ్ చేసి, సెంటర్ వైర్లు యాంప్ నుంచి ఊడదీసి, మీటర్ పెట్టు. 8 ఓమ్ డ్రైవర్ (స్పీకర్ యూనిట్) 6 దగ్గర చూపించాలి. సున్నా దగ్గరుంటే షార్ట్. హార్న్‌కు (పైనుండే సన్న శబ్దాల స్పీకర్‌కు) కెపాసిటర్ ఉంటే మీటర్ ఏమీ చూపదు, దానికి కంగారు పడొద్దు.

బూత్‌లో నేనే:
కింద డ్రైవర్ 6.1 ఓమ్‌లు, హార్న్ 5.8. అంటే యాంపే కదా?

రెండో ఆట (అనంతపురం):
యాంపే. ప్రాసెసర్ (సౌండును యాంప్‌లకు పంపే పెట్టె) మెనూలో సెంటర్‌ను లెఫ్ట్, రైట్‌లకు 3 డీబీ తగ్గించి పంచే వీలుంటే పంచెయ్, పని అయిపోతుంది.

ఆదోని పాత ఆపరేటర్:
అది ఆఖరి దారి. మధ్యలో కూర్చున్నవాడికి బాగానే ఉంటుంది, గోడ పక్కన కూర్చున్నవాడికి హీరో తెర మధ్యలో నిలబడి మూల నుంచి మాట్లాడినట్టుంటుంది. నేను ఒక పండక్కి అట్లా నడిపి తిట్లు తిన్నాను.

నీ సెంటర్‌కు కింద డ్రైవర్‌కొకటి, హార్న్‌కొకటి, యాంప్‌లో రెండు ఛానళ్లు ఉన్నాయి కదా. సరౌండ్ యాంప్‌లో కూడా రెండే. దాన్ని బలి ఇచ్చెయ్. చచ్చిన యాంప్‌లోకి వచ్చే రెండు ఇన్‌పుట్ కేబుళ్లు, స్పీకర్‌కు వెళ్లే వైర్లు అన్నీ సరౌండ్ యాంప్‌కు మార్చు. లో (కింద డ్రైవర్‌ది), హై (హార్న్‌ది) తారుమారు కాకుండా టేపు అంటించి పేరు రాసుకో, హార్న్‌కు లో సిగ్నల్ పోయిందంటే డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) అక్కడికక్కడే కాలిపోతుంది. సరౌండ్ యాంప్ గెయిన్ నాబ్‌లు (సౌండు మోతాదు నాబ్‌లు) ఇప్పుడెక్కడున్నాయో మార్కర్‌తో గీత పెట్టుకుని, పూర్తిగా తగ్గించి మొదలుపెట్టు. ఫేడర్ 7 మీద పింక్ నాయిస్ (టెస్టుకు వేసే హోరు శబ్దం) వేసి, హాల్లో మూడింట రెండు వంతుల వెనక నిలబడి, లెఫ్ట్‌తో సమానంగా సెంటర్ వచ్చేదాకా పెంచు. అసలు లెక్క 85 డీబీ, మీటర్ లేకపోతే ఫోన్ యాప్‌తో రెండూ పోల్చుకుంటే చాలు. ఆ యాంప్ చిన్నదైతే ఫేడర్ మరీ పైకి నెట్టొద్దు.

బూత్‌లో నేనే:
రాత్రి రెండింటి దాకా కూర్చుని మార్చాను. చచ్చిన యాంప్ మూత తీస్తే ఫ్యాన్ జాలీకి దూది పరుపంత దుమ్ము, రెక్కల్లో ఎండిపోయిన బల్లి. ఫ్యాన్ తిరగక వేడెక్కి ఆగిపోతున్నట్టుంది. ఫ్యాన్ మార్చేదాకా దాన్ని ముట్టను.

మార్నింగ్ షో నడిచింది. సరౌండ్ ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఇంటర్వెల్లో ఒక పెద్దాయన పైకొచ్చాడు, నా గుండె జారిపోయింది, ఏసీ ఎందుకు తగ్గించావని అడగడానికి వచ్చాడంట.