టెక్సాస్ మార్చింగ్ బ్యాండ్: లైను, తాళం రెండూ తప్పుతున్నాయి

ప్రశ్న: మా అమ్మాయి నైన్త్ గ్రేడ్, మైదానంలో నడుస్తూ వాయించే మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్. పోటీ వీడియోల్లో మైదానం మీద ఆగాల్సిన గీతకు కాస్త ముందో వెనకో ఆగుతోంది. మైదానం వెనక భాగంలో ఉంటే తాళం కూడా ఆలస్యమవుతోంది. ఇంట్లో ఏం సాధన చేయించాలండీ?

జవాబు 1: మామూలు కొలత 5 గజాలకు 8 అంగలు, ఒక్కోటి 22.5 అంగుళాలు. డ్రైవ్‌వేలో 15 అడుగుల ఎడంతో రెండు సుద్దగీతలు గీయండి. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 120 బీట్లకి పెట్టి వాయిద్యం లేకుండా నడిపించండి. మొదటి అంగ చిన్నదైతే చివరి రెండూ సాగదీయాల్సి వస్తుంది, భుజాలు ఊగుతాయి. వీడియోలో మొదటి అంగనే చూడండి. వెనక్కి నడిచేటప్పుడు మడమ నేలకు తగలకూడదు.

జవాబు 2: తాళం సంగతి వేరు. శబ్దం సెకనుకు సుమారు 1,100 అడుగులు వెళ్తుంది, అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 160 అడుగులు. మైదానం ముందు ఒకచోటే నిలబడి వాయించే తాళవాద్య బృందం (పిట్) శబ్దం వెనక గీతకు చేరేసరికి 0.15 సెకను గడుస్తుంది. దాన్ని విని వాయిస్తే ప్రేక్షకులకు మరో 0.15 ఆలస్యం. టెంపో 160లో ఒక బీటే 0.375 సెకను! వెనకున్నవాళ్లు పిట్‌ను వినకూడదు, ముందు నిలబడి చేతులతో తాళం చూపే డ్రమ్ మేజర్ చేతులు చూడాలి. నడుస్తూ డ్రమ్ములు వాయించే డ్రమ్‌లైన్ తన వెనక ఉంటే మాత్రం దాన్ని నమ్మొచ్చు.

జవాబు 3: చెక్క క్లారినెట్ బయటికి పంపకండి, ఎండకూ చలికీ పగులుతుంది. ప్లాస్టిక్‌ది చాలు. ఇంకోటి, యూఐఎల్ (టెక్సాస్ స్కూళ్ల పోటీలు నడిపే సంస్థ) రీజియన్ పోటీలో డివిజన్ 1 అంటే మొదటి స్థానం కాదు. అది ప్రమాణాన్ని బట్టి ఇచ్చే రేటింగ్, ఎన్ని బ్యాండ్లకైనా రావచ్చు.