125 డిగ్రీల దగ్గర 4వ సైట్‌లో మాత్రమే ఓపెన్స్: తప్పు సూదిదా, వేఫర్‌దా?

పెనాంగ్_నైట్‌షిఫ్ట్

అందరికీ నమస్కారం. నేను పెనాంగ్‌లో, బాయన్ లెపాస్ వైపు ఒక టెస్ట్ హౌస్‌లో ప్రోబ్ ఇంజనీర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. కాకినాడలో ఈసీఈ చదివాను. చిప్పుల్ని కోయకముందే, వేఫర్ (సిలికాన్ పళ్ళెం) మీదే సూదులతో తాకి పరీక్షించే పని ఇది. ఆ సూదులుండే ప్రోబ్ కార్డ్ ఎలా ఉంటుందో ఇక్కడికి వచ్చాకే చూశాను. ప్రశ్న మరీ చిన్నదైతే ఏమీ అనుకోకండి.

8 అంగుళాల వేఫర్, అల్యూమినియం ప్యాడ్లు (చిప్ మీద సూదులు తాకే చోట్లు), మైక్రోకంట్రోలర్. కార్డ్ కాంటిలీవర్ రకం (సూదులు ఒక చివర మాత్రమే బిగించి ఉంటాయి), వరసగా 4 సైట్లు (ఒకేసారి నాలుగు చిప్పులు), టంగ్‌స్టన్-రీనియం సూదులు. 25 డిగ్రీల దగ్గర ఏ గొడవా లేదు. చక్‌ని (వేఫర్ కూర్చునే వేడి పీటని) 125కి పెట్టి నడిపితే 4వ సైట్‌లో కంటిన్యుటీ (సూదికీ ప్యాడ్‌కీ కనెక్షన్ ఉందా అనే టెస్ట్) ఫెయిల్స్ వస్తున్నాయి, దాదాపు అన్నీ ఓపెన్సే, అంటే కనెక్షనే లేదు. వరస ఫెయిల్స్ అలారం కొట్టి ప్రోబర్ (వేఫర్‌ని సూదుల కిందికి జరిపే మెషీన్) ఆగుతుంది. ఆపరేటర్ క్లీనింగ్ చేయించి నడిపిస్తే చక్కగా పోతుంది. తర్వాతి వేఫర్‌కో, ఆ తర్వాతి దానికో మళ్ళీ ఇదే కథ.

ఓవర్‌డ్రైవ్ (సూది తాకాక ఇంకా నొక్కే దూరం) 60 మైక్రాన్ల నుంచి 85కి పెంచాను. ఈల్డ్ (పాసయ్యే చిప్పుల శాతం) వచ్చింది. కానీ పొద్దున క్వాలిటీ వాళ్ళు ప్యాడ్ల మీద మార్కులు మరీ లోతుగా ఉన్నాయని లాట్‌ని (ఆ వేఫర్ల బ్యాచ్‌ని) హోల్డ్‌లో పెట్టారు. 300 టచ్‌డౌన్లకు (సూదులు వేఫర్‌ని తాకిన సార్లు) ఒకసారి ఆటోమేటిక్ క్లీనింగ్ ఉంది, దాన్ని 150కి మార్చమని మా మేనేజర్ అంటున్నారు. రాత్రికి మళ్ళీ నాదే షిఫ్ట్. టెన్షన్‌గా ఉంది.

వైర్‌బాండ్_వెంకి

సూదుల కొనలకు మురికి పట్టి ఉంటుంది. కార్డ్ బయటికి తీసి సన్న గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దండి. మా పాత చోట అలాగే చేసేవాళ్ళం.

శించు_గుంటూరోడు

వెంకి గారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. చేత్తో రుద్దితే ఒక సూది పక్కకు వంగినా చాలు, కార్డ్ రిపేర్ గదికి వెళ్తుంది. కాంటిలీవర్ కాబట్టి వంగిన సూదిని సరిచేసేవాళ్ళు ఉంటారు, అదే మెమ్స్ స్ప్రింగ్ కార్డ్ (సూదుల బదులు చిప్పుల్లా చేసిన సూక్ష్మ స్ప్రింగులుండేది) అయితే రుద్దినంత మేరా పోయినట్టే.

తమ్ముడూ, ముందు ఓవర్‌డ్రైవ్‌ని మళ్ళీ 60కి దించు. ఈల్డ్ పడినప్పుడల్లా ఓవర్‌డ్రైవ్ పెంచడం జ్వరం వచ్చినప్పుడల్లా పారాసెటమాల్ వేసినట్టు. జ్వరం దిగుతుంది, కారణం అక్కడే ఉంటుంది. తర్వాత ఈ మూడూ చూసి చెప్పు.

మొదటిది, 4వ సైట్‌లో ఫెయిలైన డైలను (వేఫర్ మీది చిప్పుల్ని) 1వ సైట్ కింద పెట్టి రీటెస్ట్ చెయ్యి. పాసైతే వేఫర్ తప్పు కాదు. ఒకే ప్యాడ్‌ని ఎన్నిసార్లు తాకొచ్చో మీ దగ్గర పరిమితి ఉంటుంది, అది దాటకుండా నాలుగైదు డైలు చాలు.

రెండోది, కార్డ్‌కీ టెస్టర్‌కీ మధ్య ఉండే పోగో పిన్నులు. అవీ స్ప్రింగులే. సూదుల్ని రోజూ కడుగుతాం గానీ వీటి మొహం ఎవరూ చూడరు. ఒకటి ఇరుక్కుపోయినా ఇలాంటి ఓపెనే వస్తుంది.

మూడోది, ఫెయిల్స్‌ని వేఫర్ మ్యాప్‌లో కాదు, టచ్‌డౌన్ వరస ప్రకారం గీసి చూడు.

పెనాంగ్_నైట్‌షిఫ్ట్

తమ్ముడు కాదన్నా, చెల్లెల్ని. 60కి దించేశాను.

ఐదు డైలు 1వ సైట్ కింద పెట్టాను, ఐదూ పాస్. ఇదే టెస్టర్ మీద వేరే కార్డ్ వేసి అవే ఛానళ్ళతో నడిపితే ఓపెన్స్ రాలేదు, అంటే పోగోలు కావు అనుకుంటున్నా. గ్రాఫ్ రాత్రి గీస్తాను.

ఒక సందేహం. సూది ప్యాడ్‌ని తాకితే సరిపోదా? 60 మైక్రాన్లు అదనంగా ఎందుకు నొక్కాలి? ట్రైనింగ్‌లో "స్క్రబ్ కోసం" అని ఒక్క ముక్క చెప్పి వదిలేశారు.

సూదికార్డ్_చాండ్లర్

నేను చెప్తానమ్మా. అరిజోనాలో ఉంటాను, ఇరవై ఏళ్ళుగా ఈ సూదులతోనే కాపురం.

టీవీ రిమోట్ పనిచేయకపోతే ఏం చేస్తాం? వెనక మూత తీసి సెల్స్‌ని వేలితో గిరగిరా తిప్పుతాం, పనిచేస్తుంది. సెల్ మొహం మీద, స్ప్రింగ్ మీద పట్టిన పొర ఆ రాపిడికి చీలుతుంది. స్క్రబ్ అంటే అదే. అల్యూమినియానికి గాలి తగిలితే చాలు, రెండు మూడు నానోమీటర్ల ఆక్సైడ్ పొర కడుతుంది. పొర పలచనే కానీ గట్టిది, కరెంటు పోనివ్వదు. సూది ఊరికే ఆనితే ఆ పొర మీదే కూర్చుంటుంది. చక్‌ని ఇంకా పైకి లేపితే కాంటిలీవర్ సూది స్ప్రింగులా వంగి, దాని కొన ప్యాడ్ మీద ముందుకు జరుగుతూ పొరను గీసుకుని కింది లోహాన్ని పట్టుకుంటుంది. ప్యాడ్ అల్యూమినియం మందమేమో మైక్రాన్‌కి కాస్త అటూ ఇటూ. గీత తక్కువైతే ఓపెన్. ఎక్కువైతే అల్యూమినియం పక్కకు దున్నుకుపోయి అడుగు పొర బయటపడుతుంది, ఆ తర్వాత అక్కడ బంగారు తీగ అతుక్కోదు. మీ క్వాలిటీ వాళ్ళ భయం అదే.

ఇప్పుడు నా ప్రశ్నలు రెండు. క్లీనింగ్ అయ్యాక మీ ప్రోబర్ సూదుల ఎత్తుని మళ్ళీ కొలుస్తుందా? మీ 60 మైక్రాన్లు మొదటి సూది తాకినప్పటి నుంచి లెక్కా, ఆఖరి సూది తాకినప్పటి నుంచి లెక్కా?

పెనాంగ్_నైట్‌షిఫ్ట్

రెసిపీ (ప్రోబర్ సెట్టింగుల ఫైల్) తెరిచి చూశాను సార్. సూదుల అలైన్‌మెంట్ (కొనల చోటు, ఎత్తు కొలవడం) లాట్ మొదట్లో ఒకసారి, తర్వాత ప్రతి క్లీనింగ్ అయ్యాక. కొత్త వేఫర్ ఎక్కినప్పుడు వేఫర్‌ని మాత్రమే అలైన్ చేస్తుంది, సూదుల్ని చూడదు.

60 అనేది మొదటి సూది తాకినప్పటి నుంచి. కార్డ్ రిపోర్ట్‌లో చూస్తే 4వ సైట్ సూదులు అన్నిటికంటే పైన ఉన్నాయి, అతి కింద ఉన్న సూదికి 16 మైక్రాన్ల తేడా. మా స్పెక్ 25, కాబట్టి కార్డ్ పాస్.

గ్రాఫ్ కూడా గీశాను. ఒక్కో వేఫర్‌కి 520 టచ్‌డౌన్లు. ఫెయిల్స్ దాదాపు అన్నీ మొదటి 60 లోపే! మధ్యలోనూ చివర్లోనూ ఏమీ లేవు. ఆపరేటర్ భోజనానికి వెళ్ళి అలారం పట్టించుకోని ఒక వేఫర్‌లో, మెషీన్ ఆగి మళ్ళీ మొదలైన దగ్గర ఇంకో గుంపు ఉంది.

సూదికార్డ్_చాండ్లర్

అయితే సగం దొరికింది. మురికి వల్ల వచ్చే ఓపెన్స్ టచ్‌డౌన్లు పెరిగేకొద్దీ పెరగాలి, నీవి తగ్గుతున్నాయి. వేఫర్ మొదట్లో, మెషీన్ ఆగిన తర్వాతా వస్తున్నాయి. అప్పుడు చల్లబడేది ఏమిటి?

ఈ రాత్రి ఒక పని చెయ్యి. ఫెయిల్స్ మొదలవగానే క్లీనింగ్ చేయించకు, సూదుల అలైన్‌మెంట్ మాత్రం చేయించి నడుపు. బాగైతే నిన్నటిదాకా నువ్వు క్లీనింగ్‌కి కట్టిన పుణ్యమంతా అలైన్‌మెంట్‌ది. తర్వాత లాట్ అయ్యాక, చక్‌ని కాసేపు పక్కన ఉంచి, కార్డ్ కిందికి తెచ్చి, 0, 2, 5, 10, 20 నిమిషాలకు సూదుల ఎత్తు కొలిచి రాసుకో.

కొత్తబ్యాచ్_హైదరాబాద్

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను టెస్ట్ ప్రోగ్రాం వైపు. కంటిన్యుటీ పాసైనా కాంటాక్ట్ నిరోధం ఎంతుందో ప్రోగ్రాంలోంచే తెలుసుకోవచ్చా?

శించు_గుంటూరోడు

తెలుసుకోవచ్చు. చిప్ లోపల కలిసి ఉన్న రెండు గ్రౌండ్ ప్యాడ్లు ఉంటే, ఒక సూది నుంచి కరెంటు పంపి రెండోదాని నుంచి వెనక్కి తీసుకుని వోల్టేజీ కొలువు. రెండు కాంటాక్టుల నిరోధం కలిపి వస్తుంది, తీగలదీ అందులో ఉంటుంది. అసలు విలువ కంటే అది రోజురోజుకీ ఎటు పోతోందన్నది చూడు. ఓపెన్ అనేది చివరి మెట్టు, అంతకు ముందే ఇది పెరుగుతూ కనిపిస్తుంది. మా దగ్గర ప్రతి కొత్త ప్రోగ్రాంలో పెట్టించుకుంటాం, టెస్ట్ టైమ్ పెరుగుతుందని ప్రోగ్రాం వాళ్ళు గొణుగుతారు (నీలాంటివాళ్ళే).

పెనాంగ్_నైట్‌షిఫ్ట్

సార్, మీ మాటే నిజం. మూడుసార్లు ఫెయిల్స్ వచ్చాయి, మూడుసార్లూ క్లీనింగ్ లేకుండా అలైన్‌మెంట్‌తోనే పోయాయి.

సూదుల ఎత్తు: చక్‌ని కార్డ్ కిందికి తెచ్చిన క్షణం నుంచి 20 నిమిషాల్లో 17 మైక్రాన్లు కిందికి దిగాయి. అందులో ఎక్కువ భాగం మొదటి ఎనిమిది పది నిమిషాల్లోనే.

ఇప్పుడు నాకు అర్థమైంది చెప్తాను, తప్పైతే దిద్దండి. వేడి కింది నుంచి తగులుతుంది కాబట్టి కార్డ్ అడుగు వైపు ఎక్కువ సాగి, కార్డ్ వేఫర్ వైపు ఉబ్బుతోంది. కొత్త వేఫర్ ఎక్కి, వేడెక్కి, అలైన్ అయ్యేసరికి ఐదారు నిమిషాలు చక్ కార్డ్ కింద ఉండటం లేదు. అంతలో కార్డ్ చల్లబడి సూదులు పైకి పోతున్నాయి. ప్రోబర్‌కి గుర్తున్నదేమో వేడి మీద కొలిచిన ఎత్తు. 60లో 4వ సైట్‌కి 16 ముందే పోయింది, ఇంకో 17 వరకు ఇక్కడ పోతే మిగిలేది 27. దాంతో ఆక్సైడ్ చీలడం లేదు. కార్డ్ వేడెక్కేకొద్దీ దానంతట అదే సర్దుకుంటోంది.

శించు_గుంటూరోడు

దిద్దడానికేమీ లేదు చెల్లెమ్మా. ఇంకో మడత ఉంది, అదీ చూడు. 300కి ఒకసారి జరిగే క్లీనింగ్ చాలాసార్లు వేఫర్ మధ్యలో, కార్డ్ బాగా వేడిగా ఉన్నప్పుడు పడుతోంది. అప్పుడు కొలిచిన ఎత్తుతో తర్వాతి వేఫర్ మొదలవుతుంది, ఓపెన్స్. దానికి ఆపరేటర్ చల్లగా ఉన్నప్పుడు క్లీనింగ్ చేయిస్తే చల్లటి ఎత్తు రికార్డ్ అవుతుంది, ఆ తర్వాత కార్డ్ దిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. నీ 85కి ఆ 17 కలిస్తే కింది సూదులకు 102 పడింది. ఓపెన్స్ ఎందుకు వచ్చాయో మార్కులూ అందుకే లోతుగా పడ్డాయి. క్లీనింగ్‌ని 150కి మారిస్తే ఇవేవీ పోవు, పైగా గరుకు షీట్ ప్రతిసారీ కొన అరగదీస్తుంది. కొన లావైతే అదే బరువు ఎక్కువ చోట పరుచుకుని గుచ్చుకోవడం తగ్గుతుంది. మేనేజర్ గారికి గ్రాఫ్ చూపించు, మాటలతో వాదించకు.

సూదికార్డ్_చాండ్లర్

మందు ఇదీ. లాట్ మొదట్లో చక్‌ని కార్డ్ కింద, తాకకుండా, దగ్గరగా 20 నిమిషాలు ఉంచి అప్పుడు అలైన్ చెయ్యి. ప్రోబర్ మెనూలో ప్రీహీట్ అనో సోక్ అనో ఉంటుంది. ప్రతి వేఫర్ ఎక్కాక ఐదు నిమిషాల ప్రీహీట్, దాని వెంట సూదుల అలైన్‌మెంట్ పెట్టు. మెషీన్ రెండు మూడు నిమిషాలకు మించి ఆగినా అంతే. మొదటి వంద టచ్‌డౌన్లలో మరోసారి ఎత్తు కొలిపించు, ఇంకా కదులుతుంటే పట్టుబడుతుంది. క్లీనింగ్ 300 దగ్గరే ఉండనీ. వీలు చూసుకుని కార్డ్‌ని రిపేర్‌కి పంపి 4వ సైట్ సూదుల్ని కిందికి సర్దించు. స్పెక్‌లో ఉందని వదిలేయకు, ఆ 25 స్పెక్ గది ఉష్ణోగ్రతది.

కొత్తబ్యాచ్_హైదరాబాద్

ఇదంతా స్ప్రింగ్ కార్డ్‌లతో అయితే ఉండదా? మెమరీ వాళ్ళు వేఫర్ మొత్తాన్ని ఒకే టచ్‌డౌన్‌లో తాకుతారని విన్నాను.

సూదికార్డ్_చాండ్లర్

తాకుతారు, పదివేలకొద్దీ స్ప్రింగులతో. ఇగోర్ ఖాండ్రోస్ 1993లో ఫామ్‌ఫ్యాక్టర్ అనే ప్రోబ్ కార్డ్ కంపెనీ మొదలుపెట్టింది ఈ దారిలోనే. వాళ్ళ తొలి మైక్రోస్ప్రింగ్ ఎలా చేసేవారో తెలిస్తే ముచ్చటేస్తుంది: వైర్ బాండింగ్ మెషీన్‌తో సన్నటి బంగారు తీగను అతికించి, కావలసిన వంపు తిప్పి, దాని మీద నికెల్ మిశ్రమం పూత పోస్తారు. బంగారం మెత్తన, ఆకారం ఇస్తుంది. నికెల్ గట్టిది, స్ప్రింగ్ గుణం ఇస్తుంది. తర్వాత స్ప్రింగుల్ని చిప్పుల్లాగే లిథోగ్రఫీతో చేయడం వచ్చింది. స్ప్రింగ్ దేనికది విడిగా వంగుతుంది కాబట్టి ఎత్తుల్లో చిన్న తేడాలు సర్దుకుంటాయి, బలం కూడా తక్కువ చాలు.

వేడి గొడవ మాత్రం వాళ్ళకు ఇంకా ఎక్కువ. సిలికాన్ డిగ్రీకి పది లక్షల్లో 2.6 వంతులు సాగుతుంది. 300 మిల్లీమీటర్ల వేఫర్‌ని 100 డిగ్రీలు వేడిచేస్తే అంచు దగ్గర ప్యాడ్ 39 మైక్రాన్లు బయటికి జరుగుతుంది. కార్డ్ అదే లెక్కన సాగకపోతే అంచు స్ప్రింగులు ప్యాడ్ దాటిపోతాయి. అందుకే స్ప్రింగుల కింద సిలికాన్‌కి దగ్గరగా సాగే సిరామిక్ వాడతారు. ప్రీహీట్ అక్కడా తప్పదు.

పెనాంగ్_నైట్‌షిఫ్ట్

మీరు చెప్పినట్టే 60 దగ్గర, ప్రీహీట్‌తో మొత్తం లాట్ నడిచింది. 4వ సైట్‌కీ మిగతా సైట్లకూ తేడా కనబడలేదు. ప్రీహీట్ వల్ల వేఫర్‌కి ఐదారు నిమిషాలు పోతున్నాయని ప్రొడక్షన్ వాళ్ళు మొహం మాడ్చుకున్నారు, రీటెస్ట్ టైమ్ లెక్క చూపించాక ఊరుకున్నారు. కార్డ్ సోమవారం రిపేర్‌కి వెళ్తుంది.

హోల్డ్‌లో ఉన్న లాట్ సంగతి ఏం చేయాలి?

వైర్‌బాండ్_వెంకి

ఇది నా ఏరియా, ఈసారి గరుకు కాగితం అననులెండి. అన్ని వేఫర్ల నుంచీ కాదు, 85 మీద నడిచినవాటిలో కార్డ్ చల్లగా ఉండగా క్లీనింగ్ జరిగిన వేఫర్లను లాగ్ చూసి ఏరండి, అవే అన్నిటికంటే లోతు. వాటిలో అతి కింద ఉన్న సూది తాకిన ప్యాడ్లను మైక్రోస్కోప్‌లో చూడండి. మార్క్ అడుగున రంగు మారి వేరే పొర కనిపిస్తే ఆ డైలను ఇంక్ చేయించాల్సిందే (పనికిరావని గుర్తు వేయించడం). కనిపించకపోతే కొన్ని డైలకు బాండ్ వేయించి బాల్ షియర్, పుల్ టెస్ట్ (బాండ్‌ని పక్కకు నెట్టి, తీగను లాగి బలం చూసేవి) చేయించండి, కోసి ప్యాడ్ కింద పగుళ్ళు ఉన్నాయేమో కూడా చూపించండి. ఆ రిపోర్ట్ లేకుండా క్వాలిటీ వాళ్ళు హోల్డ్ తీయరు. నేనైనా తీయను.

పెనాంగ్_నైట్‌షిఫ్ట్

లాగ్ తీశాను, అలాంటి వేఫర్లు మూడే ఉన్నాయి. రేపు పొద్దున బాండింగ్ వాళ్ళకు ఇస్తాను.