సోల్డరింగ్ పొగ, గమ్ రిమూవర్ ఘాటు: పదడుగుల ఏసీ షాపులో ఏం చేయాలి?

బెంచ్‌నంబర్2 (ప్రశ్న):
విజయవాడలో మొబైల్ సర్వీస్ షాపు. 10×10 అడుగుల గది, ఎత్తు కూడా పదే. ముందు అద్దాల తలుపు, లోపల స్ప్లిట్ ఏసీ. ఒక బెంచీ మీద ఐసీ (చిప్) పని: హాట్ ఎయిర్ (వేడిగాలి గన్), ఐరన్, పేస్ట్ ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి పూసేది). రెండో బెంచీ మీద డిస్‌ప్లే గ్లాసులు మార్చడం. దానికి ఓసీఏ గమ్ (గ్లాసుని డిస్‌ప్లేకి అంటించే పారదర్శక జిగురు) తీసే లిక్విడ్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), అప్పుడప్పుడు థిన్నర్ వాడతాం. ఐసీ పని చేసే కుర్రాడికి కొన్నాళ్లుగా దగ్గు, రాత్రిళ్లు ఆయాసం. ఊరికెళ్తే తగ్గుతోందంటున్నాడు. గమ్ పని ఉన్న రోజు సాయంత్రానికి అందరికీ తలనొప్పి. ప్రస్తుతం ఉన్నవి నల్ల స్పాంజి పెట్టిన చిన్న ఫ్యాన్, సర్జికల్ మాస్కులు. ఇదంతా లెడ్ (సీసం) పొగ వల్లేనా? లెడ్ ఫ్రీ వైరుకు మారితే సరిపోతుందా? ఏ మాస్కు కొనాలి? డబ్బు తక్కువ, ముందు దేని మీద పెట్టాలి?

చిప్‌లెవెల్:
అన్నా, ఆ పొగలో సీసం లేనట్టే లెక్క. సీసం మరగాలంటే 1749 డిగ్రీలు కావాలి, మన బిట్ (ఐరన్ మొన) వేడి అందులో పావు వంతు కూడా ఉండదు. కంటికి కనిపించే తెల్లపొగంతా ఫ్లక్స్ కాలిన పొగ. ఫ్లక్స్‌లో ఉండే రోజిన్ (పైన్ చెట్టు బంక) కాలితే రెసిన్ ఆమ్లాల సన్నటి కణాలు, ఫార్మాల్డిహైడ్ లాంటి ఘాటు వాయువులు వస్తాయి. ఆస్తమా తెప్పించేది ఇదే.

అందుకే లెడ్ ఫ్రీకి మారితే పొగ తగ్గదు, పెరగొచ్చు కూడా. 63/37 వైరు (తగరం 63, సీసం 37 పాళ్లు) 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, లెడ్ ఫ్రీ రకం ఎస్ఏసీ305 అయితే 217 దాటాలి. ఐరన్ వేడి పెంచాలి, ఫ్లక్స్ కూడా ఎక్కువ పడుతుంది. "రోజిన్ ఫ్రీ", "నో క్లీన్" అని డబ్బా మీద రాసినంత మాత్రాన పీల్చవచ్చని కాదు. వాటిలో వేరే ఆమ్లాలు ఉంటాయి, అవీ గొంతు పట్టేస్తాయి.

ఖర్చు లేకుండా ఈరోజే చేయగలిగినవి చెప్తా. లెడ్ వైరుకు బిట్ 320–350 చాలు. జాయింట్ కరగడం లేదని 420కి తిప్పకండి. లావు బిట్ వేయండి, లేదా కింద ప్రీహీటర్ పెట్టండి. ఐసీ చుట్టూ పేస్ట్ గుమ్మరించొద్దు, చిన్న ఐసీకి ఆవగింజంత చాలు. ఐరన్ పొగ కన్నా హాట్ ఎయిర్ పొగే చాలా ఎక్కువ, ఎందుకంటే పేస్ట్ నిమిషాల తరబడి కాలుతూనే ఉంటుంది. జంపర్ వైరు (తెగిన లైను కలిపే సన్నటి తీగ) మీది ఎనామెల్‌ని ఐరన్‌తో కాల్చి తీయడం మానండి. అది ఎక్కువగా పాలీయురిథేన్ పూత. కాలిస్తే ఐసోసయనేట్లు వస్తాయి, ఆస్తమా తెప్పించడంలో అవి రోజిన్‌కి అన్నలాంటివి. బ్లేడ్ మొనతో గీకండి. పాత కోటింగ్ ఉన్న బోర్డయినా అంతే.

ఇంకొకటి, సోల్డరింగ్ యాసిడ్ (జింక్ క్లోరైడ్) బెంచీ మీద ఉంటే తీసి పక్కన పడేయండి. అది రేకుల పనికి. బోర్డునీ తినేస్తుంది, ఊపిరితిత్తుల్నీ మండిస్తుంది.

చెస్ట్‌ఓపీడీ:
ఆ అబ్బాయి సంగతి ముందు చూడండి. పని రోజుల్లో ఎక్కువవడం, ఊరికెళ్తే తగ్గడం, రాత్రిపూట ఆయాసం... ఇవి వృత్తి వల్ల వచ్చే ఆస్తమాకి అచ్చు లక్షణాలు. ఫ్లక్స్ పొగ ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత రవ్వంత పొగ కూడా చాలు. ఫ్యాన్లు బిగించాక చూద్దాంలే అని అదే బెంచీ దగ్గర ఉంచకండి. రేపటి నుంచే కౌంటర్‌కో డెలివరీకో మార్చండి. తొందరగా తప్పిస్తే కోలుకునే అవకాశం ఎక్కువ. ఏళ్ల తరబడి పీలిస్తే పని మానేసినా ఆస్తమా మిగిలిపోవచ్చు.

పల్మనాలజిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడే ఫ్లక్స్ డబ్బా, లిక్విడ్ల లేబుళ్లు ఫొటో తీసి పట్టుకెళ్లండి. "దగ్గు" అని మాత్రం చెప్తే సిరప్ ఇచ్చి పంపేస్తారు. "సోల్డరింగ్ పని, పని రోజుల్లో ఎక్కువ" అని మీరే చెప్పాలి. స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు చూసే ఊదుడు పరీక్ష) చేస్తారు. పీక్ ఫ్లో మీటర్ (ఎంత వేగంగా ఊదగలరో చూపేది) ఒకటి కొని రోజుకు కనీసం నాలుగు సార్లు, మూడు నాలుగు వారాలు ఊది అంకెలు రాయించండి. ప్రతిసారీ మూడు ఊదుళ్లు, అందులో పెద్ద అంకె. పని రోజులూ సెలవు రోజులూ రెండూ అందులో ఉండాలి. పని రోజుల్లో ఆ గీత కిందికి దిగడం కనిపిస్తే డాక్టర్‌కి అంతకన్నా మంచి ఆధారం ఉండదు. పాత బెంచీకి పంపి పరీక్షించాలా వద్దా అనేది డాక్టర్ నిర్ణయం, మీరు ప్రయోగం చేయొద్దు.

బ్రిటన్‌లో రోజిన్ ఫ్లక్స్ పొగకి పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటున క్యూబిక్ మీటర్ గాలికి 0.05 మిల్లీగ్రాములు. అంత తక్కువ పెట్టారంటేనే అర్థం చేసుకోండి.

సాల్వెంట్‌లేబుల్:
తలనొప్పి సంగతి వేరు, అది రెండో బెంచీది. ఒక లెక్క చూడండి. మీ గది 1000 ఘనపుటడుగులు, అంటే 28 క్యూబిక్ మీటర్లు. మూతలేని గిన్నెలో పోసిన ఐపీఏ 30 మిల్లీలీటర్లు ఆవిరైతే తలుపులేసిన ఆ గదిలో సుమారు 340 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 340 పాళ్లు) అవుతుంది. రోజంతా పనిచేసేవాళ్లకి అమెరికాలో నిపుణులు సూచించే హద్దు 200. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి ఒక్క చుక్క తేదు. చల్లగా ఉంది కదా అని గాలి బాగుందనుకుంటాం, అక్కడే మోసపోతాం.

ఐపీఏ అయినా నయమే. అసలు భయం "ఓసీఏ రిమూవర్", "గ్లూ క్లీనర్" అని రంగు స్టిక్కర్ తప్ప ఇంకేం రాయని సీసాలతో. అమ్మినవాణ్ణి ఎస్‌డీఎస్ కాగితం (లిక్విడ్‌లో ఏముందో, ప్రమాదమేంటో రాసుండేది) అడగండి, అందులో క్యాస్ నంబర్ (ఒక్కో రసాయనానికి ఉండే గుర్తింపు అంకె) చూడండి:

75-09-2 – డైక్లోరోమీథేన్. ఒంట్లోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గుండె జబ్బున్నవాళ్లకి మరీ ప్రమాదం.
110-54-3 – ఎన్-హెక్సేన్. కాళ్లూ చేతుల నరాలు దెబ్బతింటాయి.
106-94-5 – 1-బ్రోమోప్రొపేన్. ఇదీ నరాల మీదే.
108-88-3 – టోల్యూన్. థిన్నర్లో ఉండేది. గర్భిణులు దగ్గరికి రాకూడదు.
67-56-1 – మిథనాల్. నాసిరకం థిన్నర్లలో కలుస్తుంది, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది.
67-63-0 – ఇది మన ఐపీఏ.

కాగితం ఇవ్వనివాడి దగ్గర కొనొద్దు. చేతిలో ఉన్న సీసా మీద అనుమానముంటే ఆరుబయట గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు వేయండి. అడుక్కి మునిగి బొట్టుగా నిలిస్తే క్లోరిన్ లేదా బ్రోమిన్ రకం అనుకోవాలి. తేలిందంటే మంచిదని మాత్రం కాదు, హెక్సేన్, టోల్యూన్ తేలుతాయి. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో మీ ఊళ్లో సీసా మూత తీయగానే బుస్సుమంటే ఎందుకో తెలిసిందిగా. ఇలాంటి లిక్విడ్ తుడిచిన బోర్డు మీద వెంటనే హాట్ ఎయిర్ పెట్టొద్దు. క్లోరిన్ సాల్వెంట్లు బాగా వేడెక్కితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు.

హెక్సేన్ గురించి ఎక్కువ చేసి చెప్పడం లేదు. చైనాలో సుజౌ దగ్గర విన్‌టెక్ ఫ్యాక్టరీలో టచ్ స్క్రీన్లు త్వరగా ఆరతాయని ఆల్కహాల్ బదులు హెక్సేన్‌తో తుడిపించారు. 137 మంది దెబ్బతిన్నారని ఆపిల్ కంపెనీయే 2011 నివేదికలో రాసింది. చేతివేళ్లు, కాలివేళ్లు తిమ్మిరెక్కడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం మొదలైతే ఆ సీసా ఆపేసి న్యూరాలజిస్ట్‌ని కలవండి.

పని ఎలాగంటారా? గమ్‌ని ముందు హీట్ ప్లేట్ మీద వెచ్చచేసి రుద్ది ఉండలా చుట్టుకుంటూ తీయండి. మిగిలిన జిగటకే ఐపీఏ. గిన్నె తీసేసి నొక్కితే చుక్కలొచ్చే పంపు సీసా పెట్టండి, ఒక డిస్‌ప్లేకి రెండు మూడు మిల్లీలీటర్లు దాటదు. తుడిచిన టిష్యూలు కాలితో తొక్కే మూత డబ్బాలో వేయాలి, మామూలు చెత్తబుట్టలో వేస్తే సాయంత్రం దాకా ఆవిరౌతూనే ఉంటాయి. అల్ట్రాసోనిక్ తొట్టిలో ఐపీఏ నేరుగా పోయకండి. తొట్టిలో నీళ్లు, అందులో ఐపీఏ ఉన్న చిన్న గాజు బీకరు. 12 డిగ్రీలకే మంటందుకునే సరుకది.

కొత్తబిట్:
పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి ముఖం మీంచి పొగ తోలేస్తే చాలదా? చాలామంది అలాగే చేస్తున్నారు.

డక్ట్‌లెక్క:
చాలదు తమ్ముడూ. పొగ ముఖం ముందు నుంచి పోయి గదంతా కలుస్తుంది, పక్క బెంచీవాడు పీలుస్తాడు. జాయింట్ కూడా చల్లబడుతుంది, దాంతో మళ్లీ వేడి పెంచుతారు. ఊదడం కాదు, పుట్టిన చోటే పీల్చి గోడ అవతల పడేయాలి.

పొగ పుట్టే చోట గాలి కనీసం సెకనుకి అర మీటరు వేగంతో గొట్టం వైపు కదలాలి. 4 అంగుళాల గొట్టం మూతి పెట్టి లెక్కేస్తే, పని నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో గంటకి దాదాపు 195 క్యూబిక్ మీటర్లు కావాలి. 15 సెంటీమీటర్లయితే 420. 20 అయితే 730. దూరం రెట్టింపైతే గాలి దాదాపు నాలుగింతలు కావాలన్నమాట. పెద్ద ఫ్యాన్ కొనడం కన్నా మూతిని దగ్గరికి జరపడం చవక. మూతి చుట్టూ రెండు మూడు అంగుళాల వెడల్పున యాక్రిలిక్ అంచు బిగిస్తే పావు వంతు ఆదా. 10 సెంటీమీటర్ల దగ్గర 145 చాలు.

మీ నల్ల స్పాంజి ఫ్యాన్ ఈ లెక్కలో ఎక్కడా రాదు. ఆ స్పాంజి కొంచెం వాసన తగ్గిస్తుందేమో గానీ, ఫ్లక్స్ పొగ కణాలు చాలావరకు ఒక మైక్రాన్ కన్నా చిన్నవి, దాంట్లోంచి హాయిగా పోతాయి. మళ్లీ మీ గదిలోకే వదులుతుంది. గదిలోకే వదిలే మెషీన్ కొనాలంటే హెపా ఫిల్టరు (సన్నటి కణాల్ని పట్టేది), దాని వెనక కిలోల లెక్కన యాక్టివేటెడ్ కార్బన్ ఉండాలి. ఖరీదు, పైగా ఫిల్టర్లు మారుస్తూనే ఉండాలి. గోడకి రంధ్రం కొట్టగలిగితే దాని జోలికే పోవద్దు.

కొనాల్సింది ఒక 6 అంగుళాల ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్ (గొట్టంలోనే బిగించేది), గంటకి 400 క్యూబిక్ మీటర్లు రాసున్నది. డబ్బా మీది అంకె అడ్డేమీ లేనప్పటిది. గొట్టం, వంపులు కలిస్తే అందులో మూడో వంతైనా పోయిందనుకోండి. ముడతల గొట్టం మూరెడు దాటొద్దు, మిగతాదంతా నున్నటి పీవీసీ పైపు. ఫ్యాన్ బెంచీ దగ్గర కాదు, బయటి గోడ చివర పెట్టాలి. అప్పుడు అతుకుల్లో లీకున్నా పొగ గదిలోకి రాదు. రెండు బెంచీలకి రెండు మూతులు, ఒక్కోదానికి మూసే డ్యాంపర్. ఒకేసారి రెండూ తెరిస్తే గాలి సగమౌతుంది.

అందరూ మర్చిపోయేది ఒకటుంది. బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి. తలుపు కింద అరడుగు ఎత్తు, అడుగు వెడల్పు జాలీ పెట్టండి. లేకపోతే ఫ్యాన్ తిరుగుతుంది గానీ లాగదు. గంటకి 200 లాగితే మీ గది గాలి ఏడుసార్లు మారినట్టు. పని ఆపాక గదిలో మిగిలిన పొగలో పదింట తొమ్మిది వంతులు పోవాలంటే 20 నిమిషాలు నడవాలి. ఏసీ కరెంటు కొంచెం పెరుగుతుంది, తప్పదు.

బిగించాక అగరుబత్తి వెలిగించి బోర్డు ఉండే చోట పట్టుకోండి. పొగ పైకి లేవకుండా అడ్డంగా వంగి మూతిలోకి పోవాలి. ఏసీ గాలి తగిలి చెదురుతుంటే ఏసీ రెక్కలు పైకి తిప్పండి.

చెస్ట్‌ఓపీడీ:
మాస్కు గురించి. సర్జికల్ మాస్కు దీనికి పనికిరాదు. ఎన్95 పొగ కణాల్ని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. రబ్బరు హాఫ్ మాస్కుకి గోధుమరంగు పట్టీ ఉన్న 'A' రకం కార్ట్రిడ్జ్ (ఆవిరి పీల్చే డబ్బా), పైన పార్టికల్ ఫిల్టర్ వేస్తే ఫ్లక్స్ పొగకీ ఐపీఏకీ పనిచేస్తుంది. డైక్లోరోమీథేన్, మిథనాల్‌కి ఈ 'A' రకం నిలవదు, 'AX' రకం కావాలి. గడ్డం ఉంటే అంచు అతుక్కోదు. మాస్కు తీసి బెంచీ మీద పెడితే కార్ట్రిడ్జ్ గదిలో ఆవిరిని పీలుస్తూనే ఉంటుంది, జిప్ కవర్లో పెట్టండి. ఆస్తమా వచ్చినవాణ్ణి మాస్కు పెట్టి అదే బెంచీలో కూర్చోబెట్టడం మాత్రం పరిష్కారం కాదు.

ఈఎస్ఐ ఉంటే ఆ అబ్బాయి కాగితాలన్నీ దాచండి. వృత్తిపరమైన ఆస్తమా, సీసం విషం రెండూ పరిహారం వచ్చే వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి.

చిప్‌లెవెల్:
సీసం పొగలో లేదన్నాను గానీ చేతి మీద ఉంటుంది. వైరు పట్టుకున్న వేళ్లతో బజ్జీ తింటే, బీడీ కాలిస్తే నోట్లోకే. శానిటైజర్ సీసాన్ని తీయదు, సబ్బూ నీళ్లే. సక్షన్ పంపు (కరిగిన టంకం పీల్చేది) దులిపితే వచ్చే బూడిద ఊదకండి, తడి టిష్యూలోకి దులపండి. చీపురు వద్దు, తడిగుడ్డ. బెంచీ మీద వేసుకునే చొక్కా షాపులోనే వదలండి, ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. చిన్నపిల్లల్ని, గర్భిణుల్ని బెంచీ దగ్గర కూర్చోనివ్వొద్దు. అనుమానముంటే రక్తంలో సీసం పరీక్ష ఉంది. డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు వస్తే ఎక్కణ్నుంచి వస్తోందో వెతకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

బెంచ్‌నంబర్2:
కుర్రాణ్ణి కౌంటర్‌కి మార్చాను. గమ్ సీసా మీద ఏ నంబరూ లేదు, నీళ్లలో మునిగింది. గోడ రంధ్రం వెనక వైపు కొట్టొచ్చు, బెంచీ నుంచి ఏడడుగులు. చేతి తొడుగులు ఏవి? మునిగిన లిక్విడ్ ఎక్కడ పారబోయాలి?

సాల్వెంట్‌లేబుల్:
ఐపీఏకి పల్చటి నైట్రైల్ తొడుగులు చాలు. మునిగిన రకానికి అవి నిమిషాల్లో లొంగిపోతాయి, తొడుక్కున్నామన్న ధైర్యమే ఎక్కువ ప్రమాదం. దాన్ని అసలు వాడొద్దు. డ్రైనేజీలో పోయొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు. మూత బిగించి నీడలో పెట్టి అమ్మినవాడికే వాపసివ్వండి. తీసుకోకపోతే ఎక్కడ అప్పగించాలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని అడగండి.

డక్ట్‌లెక్క:
ఏడడుగులైతే 6 అంగుళాల పీవీసీ నేరుగా, వంపు ఒక్కటే. బయటి మూతి పక్కింటి కిటికీ వైపో, మీ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వైపో తిప్పకండి. వాన పడకుండా కిందికి వంచి దోమల జాలీ వేయండి. ఆ జాలీకి ఫ్లక్స్ జిడ్డు పడుతుంది, నెలకోసారి తుడవండి. మూసుకుపోయిందంటే అగరుబత్తి పరీక్షలోనే తెలిసిపోతుంది.