మోనోలేయర్ క్యూరీ టెంపరేచర్ 310 కెల్విన్ వస్తోంది, నమ్మొచ్చా?

స్పిన్‌పిల్ల: పీహెచ్‌డీ రెండో ఏడాది. మాంగనీస్ ఉన్న ఒక జానస్ మోనోలేయర్ (ఒంటిపొర, రెండు ముఖాలూ వేరు: పైన క్లోరిన్, కింద అయొడిన్) మీద క్వాంటమ్ ఎస్ప్రెసో సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తున్నాను. ఫోనాన్లు (పరమాణువుల కంపనాలు) శుభ్రంగా ఉన్నాయి, అంటే నిర్మాణం స్థిరమే. ఫెర్రో (స్పిన్‌లు, అంటే పరమాణువుల చిన్న అయస్కాంతాలు, అన్నీ ఒకే దిక్కు), యాంటీఫెర్రో (ఎదురెదురు) ఎనర్జీల తేడా తీసి మీన్‌ఫీల్డ్ (పొరుగు స్పిన్‌ల బదులు వాటి సగటు పెట్టే) సూత్రంలో వేస్తే క్యూరీ టెంపరేచర్ (దానికి పైన ఫెర్రోమాగ్నెటిజం నిలవదు) 310 కెల్విన్ వచ్చింది. రూమ్ టెంపరేచర్ మాగ్నెట్ అని గైడ్‌కి చెప్పేయొచ్చా? సోమవారం మీటింగ్, టెన్షన్‌గా ఉంది.

పొరలమనిషి: అప్పుడే చెప్పకండి. ముందు అదే సెట్టింగ్స్‌తో క్రోమియం ట్రైఅయొడైడ్ ఒంటిపొరకి మీన్‌ఫీల్డ్ విలువ తీసి చూడండి. 2017లో ప్రయోగంలో దొరికింది 45 కెల్విన్. మీకు అంతకన్నా బాగా ఎక్కువ వస్తుంది.

ఆ సూత్రంలో ఎక్స్‌ఛేంజ్ (పక్కపక్క స్పిన్‌లని కట్టిపడేసే బలం) ఎంత, పొరుగు పరమాణువులెన్ని అన్నవే ఉంటాయి. స్పిన్ ఏ దిక్కున నిలబడాలనుకుంటుందో అందులో ఎక్కడా లేదు. ఒంటిపొరలో అసలు సంగతంతా అదే. అన్ని దిక్కులూ సమానమైతే, ఎక్స్‌ఛేంజ్ ఎంత బలంగా ఉన్నా సరే, దాని పరిధి చిన్నదైతే సున్నా కెల్విన్‌కి పైన ఫెర్రోమాగ్నెటిజం నిలవదని మెర్మిన్, వాగ్నర్ 1966లోనే నిరూపించారు.

కాబట్టి అనైసోట్రొపీ, అంటే స్పిన్ దిక్కుని బట్టి వచ్చే ఎనర్జీ తేడా, తీయండి. స్పిన్-ఆర్బిట్ (స్పిన్‌కీ ఎలక్ట్రాన్ కదలికకీ ఉన్న లింకు) పెట్టి, స్పిన్‌లు పొరకి నిలువుగా ఒక రన్, పొరలోనే అడ్డంగా ఇంకో రన్. సూడోపొటెన్షియల్స్ (లోపలి ఎలక్ట్రాన్ల బదులు లెక్కలో పెట్టేవి) ఫుల్లీ రిలేటివిస్టిక్‌వి, అంటే స్పిన్-ఆర్బిట్ కలిపినవి, అయ్యుండాలి. క్రోమియం ట్రైఅయొడైడ్‌లోనే ఈ తేడా ఒక్కో క్రోమియంకి ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు లోపు. అదీ ఎక్కువగా అయొడిన్ స్పిన్-ఆర్బిట్ పుణ్యమే. మీరు సగం అయొడిన్ తీసేసి క్లోరిన్ పెట్టారు, అందుకే నాకు అనుమానం. తేడా కదలడం ఆగేదాకా కే-పాయింట్లు (లెక్క వేసే గ్రిడ్ బిందువులు) పెంచుతూ పోండి.

నిలువు గెలిస్తే, అనైసోట్రొపీ కలిపిన హైసెన్‌బర్గ్ మోడల్‌తో (స్పిన్‌ల మధ్య ఎక్స్‌ఛేంజ్ మోడల్) మోంటే కార్లో, అంటే యాదృచ్ఛిక సిమ్యులేషన్, చేసి ఆ విలువ రాయండి. అడ్డం గెలిస్తే క్యూరీ టెంపరేచర్ అన్న మాటే వాడకండి, కోస్టర్లిట్జ్-థౌలెస్ (పొరలోనే తిరిగే స్పిన్‌లకి వచ్చే వేరే రకం మార్పు) వైపు చూడాలి.

ల్యాబ్‌రాత్రి: ఇంకో మాట. జానస్ అంటున్నారు కాబట్టి డైపోల్ కరెక్షన్ తప్పనిసరి. రెండు ముఖాల దగ్గరా వాక్యూమ్ లెవెల్ ఒకటి కాదు. యాంటీఫెర్రోలో నీల్ అమరిక (ప్రతి స్పిన్‌కీ పక్కది ఎదురు) ఒక్కటే చూశారా? జిగ్‌జాగ్, స్ట్రైప్ కూడా చూడండి. వెనేడియం డైసెలినైడ్ ఒంటిపొర రూమ్ టెంపరేచర్ ఫెర్రోమాగ్నెట్ అని 2018లో పేపర్ వచ్చింది, తర్వాత కొలిచినవాళ్లలో చాలామందికి అది కనపడలేదు. ప్రయోగాలకే అలా ఉంటే మన లెక్కలు ఇంకెంత జాగ్రత్తగా చెప్పాలి!

స్పిన్‌పిల్ల: థాంక్స్ అన్నా, ఈ రాత్రికే రన్ పెడతాను. యూ విలువ (మాంగనీస్ ఎలక్ట్రాన్ల వికర్షణకి పెట్టే సవరణ) 3 ఒక్కదానికి చాలా, 2, 4కి కూడా తీయాలా?

పొరలమనిషి: మూడింటికీ తీయండి. యూ మారితే నిలువు కాస్తా అడ్డమైతే, గైడ్‌కి 310 కన్నా ముందు చూపించాల్సింది అదే.